చికెనా, పోర్కా: బర్డ్ ఫ్లూ రోజుల్లో ఏది మేలు?

బర్డ్ ఫ్లూ వార్త వచ్చినప్పుడల్లా బెంగళూరు కృష్ణరాజపురంలోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు అడిగేది ఒకటే. "అక్కా, కొన్నాళ్లు చికెన్ మానేసి పోర్క్ తెచ్చుకుంటే మేలా?" 2025లో పక్కనే చిక్కబళ్లాపురం జిల్లాలో కోళ్లకు సోకినప్పుడైతే రాత్రిపూట కూడా ఫోన్లు చేశారు.

తినడం వరకైతే రెండూ ఒకటే. ముక్క లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ బతకదు. మన కోడికూరైనా, కొడగు పంది కూరైనా అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. మటన్, చేపలు మీ ఇష్టం.

టెన్షన్ పడాల్సింది వండకముందు. అక్కడ మనకు కోడితోనే ప్రమాదం ఎక్కువ. వీధి చివరి కొట్లో కోడిని కోసి డ్రమ్ములో పడేస్తారు. అది కొట్టుకున్నంతసేపూ రక్తపు తుంపరలు, ఈకల దుమ్ము ఎదురుగా నిలబడ్డవాళ్ల మీదికే. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. అప్పుడు కూడా వైరస్ మనుషులకు చేరింది బతికున్న కోళ్లను అమ్మే మార్కెట్ల నుంచే. 2025 మార్చిలో మన పల్నాడులో బర్డ్ ఫ్లూతో చనిపోయిన రెండేళ్ల పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. అది చదివాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు.

మరి పంది మేలేగా అంటారేమో. నన్ను ఎక్కువ భయపెట్టేది పందే. ఈ వైరస్ సోకితే కోళ్లు గుంపులుగా చచ్చిపోతాయి, ఊరంతటికీ తెలుస్తుంది. పందికి సోకితే బయటపడదు. 2024 అక్టోబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో, కోళ్లతో ఒకే చోట నీళ్లు తాగిన పందుల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ దొరికింది. వాటికి జబ్బు లక్షణాలే లేవు, పరీక్ష చేస్తేనే తెలిసింది. పైగా పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ పందికి అంటుకోగలవు. ఫ్లూ వైరస్ జన్యువులు 8 ముక్కలుగా ఉంటాయి. రెండు వైరస్‌లు ఒకే కణంలో చేరితే ఆ ముక్కలు కలగలిసి కొత్త వైరస్ పుట్టవచ్చు. 2009లో ప్రపంచాన్ని చుట్టేసిన స్వైన్ ఫ్లూ పందుల్లో అలా కలిసిన వైరసే. హెచ్5ఎన్1 మాత్రం ఇప్పటిదాకా పంది నుంచి పందికి తేలిగ్గా పాకినట్టు కనిపించలేదు. అదే ఊరట.

అందుకే మా ఇంట్లో చికెన్ మానలేదు, కొట్టు మార్చాం. శుభ్రం చేసి, చల్లగా ప్యాక్ చేసింది తెచ్చుకుంటున్నాం. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడిగాకే ఇంకో పని.

ఊళ్లో మా మామయ్యది పందుల షెడ్డు. దాని పక్కనే నాటుకోళ్లు, రెండిటికీ ఒకే తొట్టి. "కోళ్లను వేరు చెయ్యి మామయ్యా, నీకు జ్వరమొస్తే పందుల దగ్గరికి పోకు" అని రెండేళ్లుగా చెబుతున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి తొట్టి చుట్టూ వల కట్టాడు. పైన కప్పు ఇంకా వెయ్యలేదు, కొంగలు వాలుతూనే ఉన్నాయి.