స్నోమొబైల్ వెనుక స్ప్రింగులు: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

అమెరికాలోని మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో సుపీరియర్ సరస్సు మీదుగా వీచే గాలి మంచును ధారాళంగానే కురిపిస్తుంది గాని, రాత్రి యంత్రంతో చదును చేసిన బాట సెలవు రోజున మధ్యాహ్నానికల్లా గుంటలు, దిబ్బలుగా మారిపోతుంది. మంచు మీద నడిచే నా స్నోమొబైల్ బండితో వచ్చిన వెనుక టార్షన్ స్ప్రింగులు (మెలితిప్పితే ఎదురు తోసే చుట్ల స్ప్రింగులు) నేనొక్కడినే వెళ్లినప్పుడు సరిపోయేవి. నా భార్య వెనుక కూర్చుని, సామాను సంచీ కూడా చేరితే ప్రతి గుంటలోనూ సస్పెన్షన్ అడుగంటా దిగి దెబ్బ వెన్నుకు తగిలేది. అందుకే తీగ మందం ఒక మెట్టు ఎక్కువ ఉన్న జతను వేయించి, కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను.

కంటికి ఆ తేడా స్వల్పమే. అయితే చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం మారనంతవరకు టార్షన్ స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 10 మిల్లీమీటర్ల తీగకు బదులు 11 మిల్లీమీటర్లది వేస్తే అది దాదాపు 46 శాతం ఎక్కువవుతుంది. రెండు మెట్లు పైకి వెళ్లమన్న సలహాను నేను పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. ఎంచుకునేటప్పుడు లెక్కించవలసింది ఒంటి బరువు కాదు, హెల్మెట్, బూట్లు, చలి దుస్తులు, సామానుతో కలిసిన మొత్తం బరువు.

అమర్చేటప్పుడు వెనుక బంపర్‌ను పైకెత్తి, సస్పెన్షన్ పూర్తిగా చాచుకున్నాక నేల నుంచి ఎత్తు కొలిచి, తర్వాత పూర్తి దుస్తులతో ఎక్కి కాస్త ఊగి కూర్చున్నాక అదే ఎత్తును మరొకరి చేత కొలిపిస్తాను. ఆ కుంగుబాటు మొత్తం కదలికలో మూడో వంతుకు దగ్గరగా ఉండడం నాకు నచ్చుతుంది. స్ప్రింగు ముందస్తు బిగింపును మార్చే మూడు మెట్ల క్యామ్ (తిప్పుడు దిమ్మ) ఈ కుంగుబాటును సరిచేస్తుంది గాని స్ప్రింగు గట్టితనాన్ని మార్చదు. పై మెట్టులోనూ బండి మరీ కుంగుతుంటే స్ప్రింగే మెత్తనిదని, కింది మెట్టులోనూ కుంగకపోతే మరీ గట్టిదని తెలుసుకోవాలి.

వెనుక భాగం ఎత్తుగా నిలవడంతో బరువు కొంత ముందున్న స్కీల (బండిని మలుపు తిప్పే పలకల) మీదికి చేరి మలుపుల్లో పట్టు పెరిగింది. హ్యాండిల్ తిప్పడం మాత్రం బరువెక్కింది. ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) ముందు భాగంలోని స్ప్రింగును కొద్దిగా బిగించి దాన్ని తగ్గించుకున్నాను. ట్రాక్ ముందు భాగం ఎంతవరకు కిందికి చాచుకోవాలో హద్దు పెట్టే లిమిటర్ పట్టీని వదులు చేస్తే లోతైన తాజా మంచులో ముక్కు సులువుగా లేస్తుంది గాని, గట్టి బాట మీద థ్రాటిల్ నొక్కగానే స్కీలు తేలిపోతాయి కాబట్టి దాని జోలికి పోలేదు.

ఒంటరిగా, నెమ్మదిగా వెళ్లినప్పుడు చిన్న గతుకులు మునుపటికంటే బాగా తెలుస్తాయి, క్యామ్‌ను దించినా ఆ కరకుదనం పూర్తిగా పోదు. ఇద్దరు తరచూ ఎక్కని బండికి ఈ జతను కొనమని చెప్పను.