కథల్లో మంచివాడు: బిషప్పా, మిష్కినా, రామదాసా?

తిరుపతిలో పెరిగినవాళ్లకు మహానుభావుల కథలకు కొదవేం లేదు. అన్నమయ్యను సాళువ నరసింహరాయలు చెరసాల్లో వేయిస్తే, పాట పాడగానే సంకెళ్లు ఊడిపోయాయని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. నవల రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. సంకెళ్లు అలాగే ఉండాలి, మంచివాడు మంచివాడిగానే ఉండాలి, అయినా చదివేవాడికి ఆవలింత రాకూడదు!

రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీకి ఈ తలనొప్పి బాగా తెలుసు. నిఖార్సయిన మంచి మనిషిని చూపించడం కంటే కష్టమైన పని లేదని 1868లో మేనకోడలికి ఉత్తరం రాశాడు. అప్పుడు రాస్తున్నది 'ఇడియట్'. అందులో కథానాయకుడు మిష్కిన్ అందర్నీ నమ్ముతాడు, అందర్నీ క్షమిస్తాడు, జాలి ఒకామె మీద, ప్రేమ ఇంకొకామె మీద, చివరికి ఇద్దరి బతుకులూ బుగ్గి, తనకేమో మతి పోతుంది. గొప్ప నవలే, కాదనను. కానీ ఆయన మంచితనానికి మూల్యం ఎక్కువగా పక్కవాళ్లే కట్టారు, నాకు అక్కడే గుచ్చుకుంటుంది.

ఫ్రెంచి రచయిత హ్యూగో 1862లోనే తెలివిగా ఇంకో దారి పట్టాడు. 'లే మిజరబుల్' అనే, మనకు బీదలపాట్లుగా తెలిసిన కథలో బిషప్ ఉండేది కొంతసేపే. తన వెండి సామాను ఎత్తుకెళ్లిన దొంగకే వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా ఇచ్చి పంపిన సంగతి అందరికీ తెలుసు గానీ, నాకు నచ్చేది అంతకు ముందొచ్చే ఇంటి ఖర్చుల పద్దు. జీతం పదిహేను వేల ఫ్రాంకులు, సొంతానికి ఉంచుకునేది వెయ్యి. బండి ఖర్చులకని మూడు వేలు అడిగితే ఊళ్లో నలుగురూ నోళ్లు నొక్కుకుంటారు, ఇంట్లో పనిచేసే పెద్దావిడ మాత్రం హమ్మయ్య, ఇప్పటికైనా తన కోసం ఏదో అడిగాడని సంబరపడుతుంది. సాయంత్రానికి ఆ మూడు వేలకూ చీటీ తయారు: సగం ఆసుపత్రి రోగుల సూపుకి, మిగతాది దిక్కులేని పిల్లలకి, ఇతర దానాలకి. ఒక్క నీతివాక్యం లేకుండా, లెక్కల కాగితంతో మనిషిని నమ్మించేశాడు.

ఇక ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. 1922లో రాయవేలూరు జైల్లో రాశారు, అంటే మా చిత్తూరుకి పక్కనే. అందులో రామదాసు కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య కొట్టి చంపుతాడు, అయినా ముసలాయన పగ పెంచుకోడు. చదువుతుంటే మనకే ఒళ్లు మండుతుంది, ఇదేం మంచితనమయ్యా, చేతగానితనం కాదా అని. ఆ కోపాన్ని రచయిత మనకే వదిలెయ్యలేదు, అదే ఇంట్లో ఇంకో కొడుకు వెంకటదాసుకి ఇచ్చాడు. వాడు తక్కెళ్ల జగ్గడై ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. తండ్రి మంచితనాన్ని ఇంట్లోనే నిలదీసేవాడు ఉన్నాడన్నమాట. బిషప్‌కి అలాంటి కొడుకు లేడు, పోయింది వెండి మాత్రమే.

'మాలపల్లి' మధ్యలో వేదాంతం సాగుతుంది, ఆ పేజీలు బరువే, కొన్ని నేనూ తిప్పేశాను. అయినా నా ఓటు రామదాసుకే, రెండోది బిషప్‌కి, మిష్కిన్ ఆఖరు. పెద్ద నవలంటే భయపడేవాళ్లు మాత్రం బిషప్‌తో మొదలుపెట్టండి, ఆ మొదటి భాగం ఒక్కటి చదివినా చాలు.