జర్మన్ జంట పదాలు: ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం మేలా, తెలుగు మీదుగానా?

జర్మన్ నేర్చుకునే తెలుగువారిలో చాలామంది ఇంగ్లీషు మీదుగానే ఆ భాషకు చేరుకుంటారు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, నోటుబుక్కులో రాసుకునే అర్థాలూ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే పదాల విషయంలో ఈ దారి మేలా, తెలుగు అర్థంతో నేరుగా పోల్చుకోవడం మేలా అన్నది ఏ జతకు ఆ జతగా తేల్చుకోవలసిందే.

తెలుగు స్పష్టంగా గెలిచేది మ్యూసెన్, డ్యూర్ఫెన్ అనే క్రియల దగ్గర. మొదటిది తప్పనిసరిని, రెండవది అనుమతిని చెబుతుంది; చిక్కంతా వాటికి ‘నిష్ట్’ చేరి వ్యతిరేకార్థం వచ్చినప్పుడే. ‘డు ముస్ట్ నిష్ట్ కొమెన్’ అన్న వాక్యం ఇంగ్లీషు ‘మస్ట్ నాట్’ను తలపిస్తుంది కనుక రాకూడదన్నారని అనిపిస్తుంది, కాని దాని అర్థం ‘నువ్వు రానక్కర్లేదు’ అని మాత్రమే. రాకూడదనడానికి ‘డు డార్ఫ్‌స్ట్ నిష్ట్ కొమెన్’ అనాలి. అక్కర్లేదు, కూడదు అన్న తేడా మన నోట్లో చిన్నప్పటి నుంచీ ఉన్నదే. డాక్టరు ఫలానా మాత్ర వేసుకోనక్కర్లేదన్నారా, వేసుకోకూడదన్నారా అన్నది తెలుసుకోవలసి వచ్చినప్పుడు ఈ తేడా వ్యాకరణంతో ఆగిపోదు.

జైట్, ఫోర్ విషయంలోనూ అంతే. ‘ఇష్ వోనె జైట్ త్స్వై యారెన్ ఇన్ బెర్లీన్’ అన్నది అచ్చంగా మన ‘రెండేళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్నాను’ లాంటిదే, రెండు భాషల్లోనూ క్రియ వర్తమానంలోనే ఉంటుంది. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ మరో కాలాన్ని అడుగుతుంది. ‘ఫోర్ త్స్వై యారెన్’ అంటే రెండేళ్ల క్రితం. ఈ ‘ఫోర్’ను చెవి ఇంగ్లీషు ‘ఫర్’గా పట్టుకుంటే ‘రెండేళ్లపాటు’ అన్న తప్పు అర్థం వస్తుంది.

ఆల్స్, వెన్ కొంచెం మెలిక ఉన్న జత. గతంలో ఒక్కసారి జరిగినదానికి ఆల్స్, పదేపదే జరిగినదానికి వెన్ వాడతారు. ఇంగ్లీషులో రెంటికీ ‘వెన్’ ఒక్కటే సరిపోతుంది, పైగా ఉచ్చారణ కూడా దగ్గరే కనుక అభ్యాసకుడు అన్నిచోట్లా జర్మన్ వెన్‌నే వాడేస్తాడు. తెలుగులో ‘వచ్చినప్పుడు’, ‘వచ్చినప్పుడల్లా’, ‘వస్తే’ అని మూడు రూపాలున్నాయి. చివరి రెండూ వెన్‌కు చెందుతాయి. అయితే ‘హైదరాబాదు వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి’ అనేది జరగబోయేదాని గురించి కనుక అక్కడ ఆల్స్ పనికిరాదు, వెన్ రావాలి. ఇక్కడ తెలుగు సగం దూరమే తీసుకువెళుతుంది.

బెకోమెన్ అంటే పొందడమే తప్ప ‘బికమ్’ కాదని ఒకసారి వింటే చాలు, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

రెండు దారులూ మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. మన ‘చదవడం’లో పుస్తకం చదవడం, పరీక్షకు చదువుకోవడం, విశ్వవిద్యాలయంలో చదవడం మూడూ కలిసిపోతే, జర్మన్‌లో అవి వరుసగా లేజెన్, లెర్నెన్, ష్టుడీరెన్. ఇంగ్లీషు ‘స్టడీ’ ఇంకా గట్టిగా తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అది ష్టుడీరెన్‌లాగే కనిపిస్తుంది. పదో తరగతి పిల్లవాడు పరీక్షకు ఎంత చదివినా ఆ పని లెర్నెనే, వాడు ‘ష్టుడెంట్’ కాడు, ‘ష్యూలర్’.

విస్సెన్, కెన్నెన్ రెండూ మనకు ‘తెలుసు’, ఇంగ్లీషుకు ‘నో’. పాత తెలుగులో ‘ఆయనను ఎరుగుదును’ అన్నది కెన్నెన్‌కు దగ్గరగా ఉన్నా, తెలంగాణలో ‘నాకెరుక’ రెంటికీ చెల్లుతుంది కనుక దాన్ని నమ్ముకోవడం కష్టం. ఇక్కడ అర్థాన్ని వదిలి పక్కనున్న మాటను చూడడమే మేలు: మనిషి, ఊరు, పుస్తకం వంటివి ఎరిగి ఉండడమైతే కెన్నెన్, ‘ఆయన ఎక్కడ ఉంటాడో’ వంటి ఉపవాక్యం వస్తే విస్సెన్. భాష తెలుసనడానికి మాత్రం ఈ రెండూ కావు, ‘ఇష్ కన్ డోయ్చ్’ అంటారు, మన ‘నాకు జర్మన్ వచ్చు’లాగే.