పెద్ద క్రూయిజ్ ఓడల్లో సెలవులు: కొన్నేళ్లుగా వెళ్తున్న మా కుటుంబం అనుభవం

పెద్ద క్రూయిజ్ ఓడ ఎక్కాలనుకునేవారు ముందుగా ఒక్క విషయం తేల్చుకోవాలి. ఊళ్లు చూడడానికి వెళ్తున్నారా, ఇంటిల్లిపాదీ ఒకచోట నాలుగు రోజులు తీరిగ్గా గడపడానికి వెళ్తున్నారా? రెండోదైతే ఇంతకు మించిన సెలవు నాకు తెలియదు. మొదటిదైతే ఆ డబ్బుతో మామూలుగా విమానం ఎక్కి, హోటల్లో దిగి, ఆ ఊరు చూసి రావడమే మేలు. ట్రావెల్స్ ఆఫీసుల్లో అడిగితే ఈ తేడా చెప్పేవారు నాకు తారసపడలేదు. "మూడు దేశాలు, ఒకే టికెట్టు" అన్న మాటే వినిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

మాది విజయవాడ. అత్తయ్యగారు, మావారు, నేను, ఇద్దరు పిల్లలు, బావగారి కుటుంబం అందరం కలిసి వేసవి సెలవుల్లోనో డిసెంబరులోనో బయలుదేరడం కొన్నేళ్లుగా అలవాటైంది. ఎక్కువగా సింగపూర్ నుంచి మలక్కా జలసంధి మీదుగా మలేసియా, థాయ్‌లాండ్ వైపు వెళ్లివచ్చే ఓడలే ఎక్కాం. తమ్ముడు అమెరికాలో ఉండడం వల్ల ఫ్లోరిడా నుంచి కరేబియన్ వైపు కూడా వెళ్లాం. 2022లో విశాఖకు వచ్చిన ఎంప్రెస్ అనే చిన్న ఓడ కూడా ఎక్కాం కాబట్టి రెండింటినీ పోల్చి చెప్పగలను.

అసలు పెద్ద ఓడ అంటే ఎంత పెద్దది? 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు దాదాపు 365 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ 1,223 మీటర్లు. అంటే మూడు ఓడలను వరుసగా నిలబెడితే బ్యారేజీ ఇంచుమించు నిండిపోతుంది. అందులో 20 డెక్కులు, అంటే అంతస్తులు. గదులన్నీ కిక్కిరిస్తే 7,600 మంది ప్రయాణికులు, వారిని చూసుకోవడానికి 2,350 మంది సిబ్బంది. స్థూల టన్నేజీ 2,48,663. ఈ లెక్క బరువుకు సంబంధించినది కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. సింగపూర్ నుంచి నడిచినవాటిలో స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్‌ది 1,69,379, జెంటింగ్ డ్రీమ్‌ది లక్షన్నర పైచిలుకు. మన ఎంప్రెస్‌ది 48,563. టైటానిక్ కూడా ఇంచుమించు ఆ ఎంప్రెస్ అంతే ఉండేది.

ఇంత పెద్ద ఓడ ముందుగా ఎవరికి మేలు చేస్తుందంటే పెద్దవాళ్లకు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. యూరప్ లాంటి టూర్లలో రోజుకో హోటలు, పొద్దున్నే పెట్టెలు సర్దుకుని బస్సెక్కడం ఆవిడ వల్ల కాదు. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పితే దిగే ముందు రోజు దాకా మళ్లీ ముట్టుకోనక్కరలేదు. సింగపూర్ టెర్మినల్లో చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పాం. సిబ్బంది ఆవిడను కూర్చోబెట్టి గది తలుపు దాకా తీసుకెళ్లారు. ఏ డెక్కు నుంచి ఏ డెక్కుకైనా లిఫ్టు ఉంది, గడపలు లేవు. ఆవిడకు తెల్లవారుజామునే లేచే అలవాటు. బఫే తెరవగానే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. రెండో రోజుకే అక్కడి గోవా కుర్రాడు ఆవిడను గుర్తుపట్టి, అడగకుండానే వేడి పాలు, విడిగా టీ డికాక్షను తెచ్చి పెట్టాడు. "అమ్మాయ్, మీరు మెల్లగా లేవండి, నాకిక్కడ బాగానే ఉంది" అని ఆవిడ ఆ బల్ల దగ్గరే తొమ్మిది దాకా ఉండిపోయేవారు. మనవలు ఒక్కొక్కరే వచ్చి చేరేవారు. ఇంట్లో కూడా ఎవరి ఫోను వాళ్లు పట్టుకునే ఈ రోజుల్లో అలా అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం ఎంత అపురూపమో నేను మాటల్లో చెప్పలేను. నా దృష్టిలో టికెట్టు డబ్బంతా అక్కడే గిట్టుబాటైంది.

ఓడ పెద్దదైతే ఊగడమూ తక్కువే. అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, పైగా మలక్కా జలసంధిలో నీరు సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. బంగాళాఖాతంలో చిన్న ఓడ మీద తల తిరిగిన మా బావగారు పెద్ద ఓడలో హాయిగా నిద్రపోయారు. వికారం భయం ఉన్నవారు ఓడ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో గది అడగాలి. పైకి, చివరలకు వెళ్లేకొద్దీ కదలిక ఎక్కువ తెలుస్తుంది.

భోజనం గురించి మన వాళ్లకు ఉండే బెంగ సగం అనవసరం. సింగపూర్ ఓడల్లో భారతీయులు బాగా ఎక్కువ, కాబట్టి బఫేలో అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు దొరుకుతాయి. ఇడ్లీ ఉంటుంది గానీ సాంబారులో తీపి ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావాలంటే బుకింగ్ సమయంలోనే రాయించాలి. కరేబియన్ ఓడలో రాత్రి వడ్డించే పెద్దాయనకు ముందురోజు చెబితే మరుసటి రాత్రికి విడిగా వండించి తెచ్చారు. కారప్పొడి, పచ్చడి లాంటివి కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లలో పట్టుకెళ్తే మాకెక్కడా అడ్డు చెప్పలేదు. ఇంట్లో వండినవి వద్దంటారు. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె అసలే కుదరవు. అగ్నిప్రమాదం భయంతో ఎక్కేటప్పుడే తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు.

గదులు చిన్నవి. కిటికీ లేని లోపలి గది 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుందనుకోండి. పిల్లలకు పైనుంచి దిగే మడత మంచం వాళ్లకు పండగే గానీ, అది దించాక పెద్దవాళ్లు తిరగడానికి చోటు ఉండదు. గోడలు లోహంవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే తడి తువ్వాళ్లు, టోపీలు తగిలించుకోవచ్చు. టాయిలెట్‌లో నీళ్ల పైపు ఉండని ఓడలే ఎక్కువ. మగ్గు మర్చిపోవద్దు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఓడ ఎంత పెద్దదైతే సముద్రం అంత దూరమవుతుంది. 2009లో వచ్చిన ఒయాసిస్ తరగతి ఓడల నడుమ ఆకాశానికి తెరిచిన తోట ఉంది, నిజమైన మొక్కలతో. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ తోటవైపు తెరుచుకునే బాల్కనీ గదులు కూడా ఉన్నాయి. అక్కడ కూర్చుంటే ఎదుటి గదుల బాల్కనీలే కనిపిస్తాయి. బుక్ చేసేటప్పుడు "సముద్రం వైపు బాల్కనీ" అని స్పష్టంగా అడగాలి. దుకాణాలు, థియేటరు, ఆటస్థలాలు, క్యాసినో అన్నీ లోపలికి ముఖం పెట్టి ఉంటాయి. కృత్రిమ అలల మీద ఆడుకుంటూ, డాష్ కార్లు నడుపుకుంటూ పిల్లలు ఒక రోజంతా అసలు సముద్రం వైపు చూడనే లేదు. ఎంప్రెస్‌లో రైలింగు పట్టుకుని నిలబడితే ఓడను ఒరుసుకుపోయే నీటి చప్పుడు చెవిలో పడేది, చేపల పడవల దీపాలు దగ్గరగా కనిపించేవి. పెద్ద ఓడలో పదహారో డెక్కు మీద పాటల హోరు తప్ప ఏమీ వినిపించదు. కొన్ని ఓడల్లో లైఫ్‌బోట్ల కింద నాలుగో అయిదో డెక్కులో బయటి నడవా ఒకటి ఉంటుంది. అక్కడికి జనం పెద్దగా రారు. సముద్రం మీద ప్రేమ ఉన్నవారు ఎక్కిన రోజే దాన్ని వెతికిపెట్టుకోండి.

రేవుల్లో ఆగడం గురించి కూడా నిజం చెప్పాలి. "కౌలాలంపూర్" అని కాగితం మీద ఉంటుంది, ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. అక్కడి నుంచి నగరానికి గంట పైనే. ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. పొద్దున ఓడ ఆగాక వేలమంది ఒకేసారి దిగాలి, సాయంత్రం ఓడ కదలడానికి చాలా ముందే అందరూ ఎక్కాలి. మధ్యలో చేతికి మిగిలేది మూడు నాలుగు గంటలు. పెట్రోనాస్ జంట గోపురాల ముందు ఫొటో దిగి, ఏదో తిని, గడియారం చూసుకుంటూ వెనక్కి రావడమే. సొంతంగా కారు మాట్లాడుకుని ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడవాళ్లు ఏర్పాటు చేసిన టూరు ఆలస్యమైతే ఆ బస్సు కోసం ఆగుతుంది. ఆ భరోసాకే వాళ్లు అంత ధర తీసుకుంటారు.

పెనాంగ్ మాత్రం వేరు. ఓడ జార్జ్‌టౌన్ ఊరి ఒడ్డునే ఆగుతుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత పట్నం అది. నడిచి వెళ్లేంత దూరంలో లిటిల్ ఇండియా, అక్కడ అరిటాకు భోజనం. అత్తయ్యగారిని కూడా చక్రాల కుర్చీలో తిప్పి తీసుకొచ్చాం. ఫుకెట్‌లో అలా కుదరలేదు. ఓడ దూరంగా లంగరు వేసింది, ఒడ్డుకు చిన్న పడవల్లో చేర్చారు. ఓడకూ పడవకూ మధ్య ఉన్న బల్ల అలలకు పైకీ కిందికీ ఆడుతోంది. కుర్చీలో ఉన్నవారిని దించడానికి సిబ్బంది ఒప్పుకోలేదు. వాళ్లు చేసింది సరైన పనే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే ఏ రేవులో గట్టుకు ఆనుకుని ఆగుతుందో, ఎక్కడ పడవల్లో దింపుతారో ముందే కనుక్కోండి. ఈ ఒక్క ప్రశ్న టికెట్టు ధర కన్నా ముఖ్యం.

కరేబియన్‌లో ఇంకో పద్ధతి. బహామాస్‌లోని కోకోకే లాంటివి క్రూయిజ్ కంపెనీలు తమ ప్రయాణికుల కోసమే నడుపుకునే దీవులు. బీచ్ శుభ్రంగా ఉంటుంది, తిండి ఓడవాళ్లదే, చేతిలో గది తాళంగానూ డబ్బుగానూ పనికొచ్చే ఓడ కార్డే. పిల్లలకు ఎంతో నచ్చింది. కానీ అక్కడి మనుషుల జీవితం ఒక్క ముక్క కూడా తెలియదు. ఇంతమంది ఒక్కసారిగా దిగితే ఊళ్లూ తట్టుకోలేవు. స్థూల టన్నేజీ 25,000 దాటిన ఓడలు వెనిస్ నగరం నడిమి కాలువలోకి రాకుండా ఇటలీ 2021లో ఆపేసింది. అందులో నాకు తప్పేమీ కనిపించదు.

రద్దీ మాట. థియేటరు వదిలిన వెంటనే, ఎక్కిన రోజు మధ్యాహ్నం బఫేలో, రేవు రోజు పొద్దున ఎనిమిదికి లిఫ్టుల దగ్గర నిలబడలేం. మిగతా సమయాల్లో ఆ వేలమంది ఎక్కడికి పోయారా అనిపిస్తుంది. వేసవి సెలవుల్లో, డిసెంబరులో పిల్లల సందడి మరీ ఎక్కువ. బడి పిల్లలు లేనివారు ఆ నెలలు తప్పించుకోండి. ధరా తగ్గుతుంది.

"నీళ్ల మీద ప్రయాణం, భయం లేదా?" అని చుట్టాలు అడుగుతారు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయిన సంగతి మా ఊళ్లో ఎవరూ మరువలేదు, కాబట్టి ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. పెద్ద ఓడలకూ ప్రమాదాలు జరిగాయి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాళ్లకు తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. ఓడ కదలకముందే ప్రతి ప్రయాణికుడూ తన అత్యవసర కూడలి, అంటే ప్రమాదం వస్తే చేరాల్సిన చోటు, ఎక్కడో తెలుసుకోవాలి, లైఫ్‌జాకెట్ ఎలా వేసుకోవాలో చూడాలి. ఫోనులో వీడియో చూసి, కూడలి దగ్గరకు వెళ్లి కార్డు చూపిస్తే పూర్తవుతుంది. దయచేసి పిల్లలను కూడా ఆ చోటుకు నడిపించి చూపించండి. అలాగే సబ్బుతో చేతులు కడగండి. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్ వాంతులు, విరేచనాలకు శానిటైజర్ చాలదు.

ఖర్చు దగ్గర కళ్లు తెరిచి ఉండాలి. ప్రకటనలో ఉండే ధర ఇద్దరు ఒక గదిలో ఉంటే మనిషికి పడేది. రేవు పన్నులు, టిప్పులు వేరు. టిప్పులు పెద్ద కంపెనీల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా, పిల్లలకు కూడా, ఓడలో మన పేరున నడిచే ఖర్చుల ఖాతాలో రోజూ పడిపోతాయి. వైఫై వేరు. ఓడ ఎక్కగానే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే సముద్రం మీది నెట్‌వర్కు పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది. మద్యం తాగని కుటుంబాలకు పానీయాల ప్యాకేజీ అనవసరం. బఫేలో నీళ్లు, టీ, కాఫీ ఉచితమే. వైద్యం మరీ ఖరీదు. మా చిన్నవాడికి జ్వరం వస్తే ఓడ క్లినిక్‌లో ఒక్కసారి చూపించినందుకే విజయవాడలో ఏడాది పొడవునా పిల్లల డాక్టరుకు ఇచ్చేంత అయింది. ప్రయాణ బీమా తీసుకున్నాం కాబట్టి ఆ తర్వాత డబ్బు వచ్చింది, కానీ ముందు చేతినుంచి కట్టాల్సిందే. ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీ మీద ముందుగానే వసూలు చేసే పన్ను (టీసీఎస్) రసీదు దాచుకోండి, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

గది శుభ్రం చేసే అమ్మాయి ఇండోనేసియా నుంచి వచ్చింది. ఇంట్లో చిన్న బిడ్డను తల్లి దగ్గర వదిలి నెలల తరబడి ఓడలోనే ఉంటున్నానని చెప్పింది. మేము సెలవు అనుకుంటున్న చోట ఆమెకు సెలవు దినమే లేదు. అప్పటి నుంచి ఖాతాలో పడే టిప్పులతో ఆగకుండా విడిగా చేతికి ఇవ్వడం మా ఇంట్లో నియమం. ఇంత పెద్ద ఓడ తాగే ఇంధనం, వదిలే పొగ గురించి కూడా నాకు మనసులో కొట్టుకుంటూనే ఉంటుంది. ఏటా వెళ్లడం మానేసి ఏడాది విడిచి ఏడాది వెళ్తున్నాం.

వెళ్లేవారికి కాగితాల సంగతి. సింగపూర్ నుంచి బయలుదేరి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతారు కాబట్టి రెండుసార్లు ప్రవేశించడానికి వీలైన వీసా ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల పైన గడువు ఉండాలి. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వెళ్లే విమానం ఓడ కదిలే రోజుకు కనీసం ఒకరోజు ముందు సింగపూర్ చేరేలా చూసుకోండి. చివరి రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు. మరుసటి పొద్దున కావలసిన మందులు, బట్టలు, పాస్‌పోర్టులు చేతి సంచిలో ఉంచుకోండి. ఖాతా లెక్క ఆ రాత్రే టీవీలోనో ఫోనులోనో వరుసగా చదవండి. మేము కొనని ఆటల టోకెన్లు ఒకసారి మా బిల్లులో పడ్డాయి, రాత్రి వెళ్లి అడిగితే పది నిమిషాల్లో తీసేశారు. పొద్దున అదే కౌంటరు దగ్గర వరుస మెట్ల దాకా ఉంది.