ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు: కరెంటు కారులో వరంగల్ ప్రయాణం

డిగ్రీలో నాతో చదివిన దోస్తు ఒకడు హన్మకొండలో ఉంటాడు. వాళ్ల కాలనీలో సంక్రాంతికి ముందు ఆదివారం ముగ్గుల పోటీ. అదే గ్రౌండ్‌లో ఓ పక్కన ఊళ్లో కరెంటు కార్లున్నవాళ్లంతా బండ్లు వరసగా పెట్టి, అడిగినవాళ్లకు చెబుదామనుకున్నారట. "నీ బండి గూడ పట్కరా, వరసలో ఒకటి పెరుగుతది" అన్నాడు. మాది ఉప్పల్. రెండేళ్ల కింద కొన్న కారు, 30 యూనిట్ల బ్యాటరీ. అప్పటిదాకా దానిమీద మేం చేసిన దూర ప్రయాణం యాదగిరిగుట్ట ఒక్కటే. అమ్మ, మా ఆవిడ, నేను శనివారం పొద్దున బయల్దేరి మంగళవారం తిరిగొచ్చాం. చిన్న బ్యాటరీ బండితో అటువైపు పోదామనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉప్పల్ నుంచి హన్మకొండ 135 కిలోమీటర్ల చిల్లర. హైవే మీద 90లో పోతే నా కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువ ఇస్తుంది. లెక్క ప్రకారం దారిలో ఎక్కడా ఆగక్కర్లేదు. కానీ దిగబోయే లాడ్జిలో ప్లగ్గు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి జనగామ దాటాక కొంత ఎక్కించుకుందామనుకున్నాను. కరెంటు బండ్ల పచ్చ నంబర్ ప్లేటుకు రోడ్ టాక్స్ మాఫీ అయితే ఉంది గానీ టోల్ గేటు దగ్గర అందరితో సమానమే. గూడూరులోనూ కోమళ్లలోనూ ఫాస్టాగ్ నుంచి డబ్బులు పోయాయి.

మొదటి ఫాస్ట్ చార్జర్ ఒక హోటల్ ఆవరణలో. యాప్‌లో పచ్చగా, 'ఖాళీగా ఉంది' అని చూపిస్తోంది. యాప్ వాలెట్‌లో కనీసం ఐదొందలు వేస్తేనే చార్జింగ్ గన్ వదులుతుందన్నారు కదా అని వేశాను. తీరా దిగి చూస్తే మిషన్ స్క్రీన్ నల్లగా ఉంది. సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "నాల్రోజులైంది సార్, కంప్లైంట్ ఇచ్చినం" అన్నాడు. ఆ ఐదొందలు ఇప్పటికీ ఆ యాప్‌లోనే ఉన్నాయి. ఇంకో పది కిలోమీటర్లు పోయాక మరో కంపెనీది దొరికింది. 50 శాతం నుంచి 80 దాకా అరగంట పట్టింది. పది యూనిట్లు, యూనిట్‌కు 21 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 248. ఇంట్లో చార్జ్ చేసుకునేదానికి ఇది ఎన్నో రెట్లు. అయినా ఆ అరగంటలో అమ్మ కాళ్లు చాపుకుంది, మేం టీ తాగాం, నాకేం బాధ అనిపించలేదు. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. యాప్‌లో చుక్కల రేటింగు చూసి లాభం లేదు. ఆఖరుసారి అక్కడ ఎవరు ఎప్పుడు చార్జ్ చేసుకున్నారో చూడాలి. నిన్నో మొన్నో ఎవరైనా చేసుకున్నట్టు ఉంటేనే అది బతికున్నట్టు.

ఇక బస. దోస్తు వాళ్లింట్లోనే ఉండమన్నాడు గానీ వాళ్లది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. సెల్లార్‌లో సాకెట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. వాడి కారును వాడే ఆఫీసులో చార్జ్ చేసుకుంటున్నాడు. ముందు ఒక పెద్ద హోటల్‌కు ఫోన్ చేశాను. బుకింగ్ పేజీలో 'ఈవీ చార్జింగ్', అంటే కరెంటు బండ్ల చార్జింగ్ అని ఉంది. "ఉంది సార్" అన్నారు. ఎన్ని కిలోవాట్లదని అడిగితే రెండు నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, "సార్, ప్రస్తుతం పనిచేయట్లేదు" అన్నారు. ఫోన్‌లోనైనా నిజం చెప్పారు, అంతవరకు నయం. రెండోది చిన్న లాడ్జి. గది 1,800. వాళ్లకు ఈవీ గురించి ఏమీ తెలియదు. "ఏసీ ప్లగ్గులాంటిది కింద ఒకటి ఉందా, మూడు రంధ్రాల పెద్దది?" అని అడిగితే, మోటార్ పక్కన ఉంది, వాడుకోండి, రాత్రికి 250 ఇవ్వండి అన్నారు. అక్కడే దిగాం.

సాయంత్రం కోట చూసి, తోరణాల దగ్గర అమ్మకు ఫొటోలు తీసి, రాత్రి పదింటికి వచ్చి కారుకు ప్లగ్గు పెట్టాను. చార్జర్ డబ్బా మీద మూడు లైట్లుంటాయి. పచ్చది వెలగాలి. ఎర్రది టపటపా కొట్టుకుంటోంది. టెస్టర్ పెడితే కరెంటు ఉంది. అదే సాకెట్‌లో వాచ్‌మన్ ఇస్త్రీ పెట్టె పెట్టి చూపించాడు, భేషుగ్గా వేడెక్కింది. "ప్లగ్గు మంచిగనే ఉంది సార్, మీ బండే ఖరాబైంది" అన్నాడు. సమస్య అది కాదు. ఇస్త్రీ పెట్టెకు ఎర్తింగ్ ఉన్నా లేకున్నా పట్టదు. కారు చార్జర్ మాత్రం ముందు ఎర్త్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే దారి, ఉందా అని చూసుకుంటుంది. అది సరిగా లేకపోతే మొండికేసి కూర్చుంటుంది, మన మంచికే.

జనరేటర్ వెనక సిమెంటు మూత కింద ఎర్త్ గుంత ఉందని వాచ్‌మనే చెప్పాడు. మూత తీసి ఫోన్ లైటు వేస్తే లోపల బొగ్గు, ఉప్పు వేసిన మట్టి ఎండిపోయి పగుళ్లు తేలి ఉంది. జనవరి నెల, వాన పడి ఎన్నాళ్లయిందో. ఆయన గుంతలో బకెట్‌తో నీళ్లు పోశాడు. గుటగుటా పీల్చుకుంది. ఇంకో బకెట్ పోశాడు. పది నిమిషాలాగి మళ్లీ ప్లగ్గు పెడితే పచ్చ లైటు వెలిగింది. కారు తెర మీద 'ఆరున్నర గంటల్లో ఫుల్' అని పడింది. "గిదేంది సార్, చెట్టుకు పోసినట్టు నీళ్లు పోస్తే బండికి కరెంటొచ్చె!" అని ఆయన చాలాసేపు నవ్వుకున్నాడు.

ఒక మాట. కొందరు ఇలాంటి చోట్ల గట్టెక్కడానికి న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసిన దొంగ ప్లగ్గు ఒకటి డిక్కీలో పెట్టుకుని తిరుగుతారు. అది మాత్రం వద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీకే కరెంటు వస్తుంది, చెయ్యి వేసినవాళ్ల పని అంతే.

ఆదివారం పొద్దున గ్రౌండ్‌కు పోయేసరికి సగం ముగ్గులు పడిపోయాయి. మావైపు పదకొండు కార్లు, ఒక ఆటో. నెక్సాన్లే ఎక్కువ. రెండు విండ్సర్లు, ఒక టియాగో, పిల్లలంతా చుట్టుముట్టిన ఒక బుల్లి కామెట్. కామెట్‌కు హైవే మీది ఫాస్ట్ చార్జర్లు పనికిరావు, ఊళ్లో తిరగడానికే అది. వాళ్లాయన ఆ మాట దాచకుండా చెప్పుకున్నాడు. విండ్సర్ ఒకాయన బ్యాటరీని అద్దెకు తీసుకున్నాడు, కిలోమీటరుకు ఇంత అని కడుతుంటాడు. ఆ పద్ధతి లాభమా నష్టమా అని అక్కడే అరగంట వాదన నడిచింది. నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు బాగానే ఉంటుందనిపించింది. రోజూ కరీంనగర్ పోయొచ్చేవాళ్లయితే కొనేసుకోవడమే మేలు.

చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేవి అన్నీ ఒక్కటే. ఎంత వస్తది? బ్యాటరీ పోతే ఎంత? వానలో షాక్ కొడతదా? వీటికి మా దగ్గర జవాబులు నోటికే ఉన్నాయి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. రాష్ట్రం 2024 నవంబర్‌లో తెచ్చిన పాలసీతో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కానీ చేతికి ముగ్గుపిండి అంటుకున్న ఒకావిడ వచ్చి, "అన్నా, మాకు జీరో బిల్లు వస్తది. బండి ఇంట్ల పెడితే 200 యూనిట్లు దాటదా?" అని అడిగితే అందరం మొహాలు చూసుకున్నాం. నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేని గృహజ్యోతి పథకం సంగతి. నెలకు 800 కిలోమీటర్లు తిరిగితే కారుకే 130 యూనిట్లు పైన. ఇంటి వాడకం కలిస్తే 200 దాటినట్టే, దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. వరసలో ఉన్న ఒకాయన బండికని వేరే మీటర్ పెట్టించుకున్నాడట. ఆవిడను ఆయన దగ్గరికి పంపాం. కారు కొన్న నాకు రెండేళ్లుగా తట్టని లెక్క అది.

ఆటో ఆయనది పచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. మా ప్లేట్ల మీద తెల్లవి. రోజుకు ఎనభై తొంభై కిలోమీటర్లు తిప్పుతాడు, మా అందరికంటే ఎక్కువ అనుభవం. "సార్లు మీరు చార్జింగ్ గురించి భయపడతరు, నేను లంచ్‌కు ఇంటికి పోతే పెడత, అంతే" అన్నాడు. ఊళ్లో ఏ ఫాస్ట్ చార్జర్ ముందు డీజిల్ బండ్లు పెట్టి టిఫిన్‌కు పోతారో, ఏది రాత్రి తొమ్మిదికే గేటు వేస్తారో అన్నీ చెప్పాడు. ఆ చిట్టా ఏ మ్యాప్‌లోనూ లేదు.

పదకొండింటికి అసలు వేడుక మొదలైంది. ఒక నెక్సాన్‌లో కారు నుంచి కరెంటు బయటికి తీసుకునే సౌకర్యం ఉంది. దానికి వైరు తగిలించి ఇండక్షన్ స్టవ్ పెట్టారు. పక్కన తెల్లబట్ట పరిచి నలుగురు ఆడవాళ్లు సకినాలు చుడుతున్నారు. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్యనుంచి మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు. మా అమ్మ ఊరుకుంటుందా, చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. నూనె కాగడానికి కొంచెం ఆలస్యమైంది గానీ తర్వాత వాయి మీద వాయి దిగింది. గంటన్నర వేయించాక కారు బ్యాటరీ 6 శాతం తగ్గింది. ఆ కారాయన అంతసేపూ సీట్లో కూర్చుని శాతం ఎంతయిందో మైకులో చెబుతూనే ఉన్నాడు. ముగ్గుల పోటీలో ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

సోమవారం రామప్ప. వెళ్లేదారిలో చార్జర్లేవీ నమ్ముకోవద్దని ముందే అనుకున్నాను. పోను రాను 140 కిలోమీటర్లు, ఫుల్ బ్యాటరీకి తేలికే. చిక్కల్లా మా ఆవిడ లక్నవరం వేలాడే వంతెన కూడా చూడాలంది. అది కలిస్తే 180. నేను కుదరదన్నాను. ముందురోజు టియాగో ఆయన చెప్పిన మాట గుర్తుచేసింది: "డెబ్బై దాటకండి, యూనిట్‌కు ఏడు ఇస్తది." సరే, చూద్దామన్నాను.

మేడారం జాతర నెల కావడంతో ములుగు రోడ్డు మీద ముందస్తు మొక్కుల బండ్లు. గట్టమ్మ గుడి దగ్గర అందరూ ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతున్నారు. డెబ్బై దాటుదామన్నా దాటనిచ్చేట్టు లేదు. పెట్రోలు బండ్లకు అది విసుగు, మాకు కలిసొచ్చింది. నెమ్మదిగా పోయి, ఆగి, బ్రేకు వేసినప్పుడల్లా కాస్త బ్యాటరీలోకి తిరిగొస్తుంటే రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి అనుకున్నదానికంటే 4 శాతం మిగిలింది.

రామప్పకు తొందరగా పోండి, తొమ్మిదింటికల్లా ఉంటే గుడి మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. ఎర్రటి ఇసుకరాయి గోడల మీద నల్లరాతి మదనికలను చూస్తూ అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడిపోయింది. పార్కింగ్ నుంచి గుడిదాకా నడక ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తొందరపెట్టకండి. రెండు గంటలు కేటాయించాలి. లక్నవరానికి గంట చాలు. వంతెన బాగుంది, చెరువు ఇంకా బాగుంది, కానీ వంతెన మీద సెల్ఫీల వరస కదలదు. సెలవు రోజుల్లో పోకపోవడమే నయం. అక్కడ కాటేజీల్లో రాత్రి ఉందామనుకునేవాళ్లు ప్లగ్గు సంగతి ముందే ఫోన్ చేసి అడగండి, 'ఉంది' అంటే వాట్సాప్‌లో ఫొటో పంపమనండి.

తిరుగు దారిలో ఆత్మకూరు దగ్గర 27 శాతం. మా ఆవిడ ఏసీ ఆపేసి అద్దాలు దించింది, అడగకుండానే. లాడ్జి గేటులోకి తిరిగేసరికి 16. ఆ రోజంతా మేం టెన్షన్ పడింది ఆ ఆఖరి పాతిక కిలోమీటర్లే.

మంగళవారం పొద్దున ఫుల్ బ్యాటరీతో బయల్దేరుతుంటే వాచ్‌మన్ వచ్చాడు. మూడు రాత్రులూ నేను అడగకముందే బకెట్ తెచ్చి పెట్టిన మనిషి. చేతిలో రాళ్ల ఉప్పు ప్యాకెట్.

"మొన్న వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను అడిగిన సార్. నీళ్లొక్కటే పోస్తే ఆగదంట, ఉప్పు గూడ ఎయ్యాల్నంట. తెప్పించిన."

ఎంత వేయాలో నాకూ తెలియదు. ఇద్దరం మూత తీసి, సగం వేసి, మిగతా సగం జనరేటర్ మీద పెట్టాం. అమ్మ ఆయనకు ఒక కవర్ నిండా సకినాలు ఇచ్చింది.