మైపాడు చెక్క మంటపం: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

నెల్లూరు దగ్గరి మైపాడు బీచికి ఎక్కువమంది సాయంత్రం పోతారు. గాలికీ అలలకూ అది మంచి వేళే. అక్కడి పార్కులోని చిన్న చెక్క మంటపం కోసం అయితే మాత్రం ఆ వేళ దండగ. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పొడిచి, సరుగుడు తోటల వెనక్కి వాలుతుంది. వెలుగును చూపించడానికే కట్టిన మంటపం అది, తూర్పు ముఖం. సాయంత్రం లోపల చీకటి గది.

పదడుగుల చదరం. తూర్పున సన్న సందులు వదిలి బిగించిన అడ్డపట్టీలు, మిగతా వైపుల పలకలు, తొమ్మిదడుగుల ఎత్తున కప్పు. కప్పులో 5 మిల్లీమీటర్ల చదరపు బెజ్జాలు.

జూన్‌లో 5:45కి, జనవరిలో 6:35 దాటాక పొద్దు పొడుస్తుంది. మొదటి ఎర్రటి వెలుగులో, సందుల్లోంచి పడే వెలుగు గీతలు పలచన. ఇరవై నిమిషాలు ఆగితే పడమటి గోడమీద తేటగా తేలతాయి. పొద్దు ఎక్కేకొద్దీ గీతలు కిందికి దిగుతాయి, నిమిషానికి సెంటీమీటరు పైచిలుకు. గోడమీద వేలు ఆనించి ఉంచితే గీత వేలు దాటి పోవడం కళ్లముందే కనిపిస్తుంది.

మధ్యాహ్నం వెళ్తే ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. కప్పులో బెజ్జాలు చదరంగా ఉన్నా నేలమీద చుక్కలు గుండ్రంగా పడతాయి, ఇంచుమించు పదిరూపాయల బిళ్లంత. అవి ఒక్కో బెజ్జం గుండా పడే సూర్యుడి బొమ్మలు. కాగితాన్ని బెజ్జానికి జానెడు దూరంలో పెడితే చదరమే కనిపిస్తుంది, కిందికి దించేకొద్దీ మూలలు కరిగి గుండ్రమవుతుంది. ఏప్రిల్ నెలాఖరులోనూ ఆగస్టు 14 అటూఇటూగానూ పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. అప్పుడు 12:10 ప్రాంతంలో ప్రతి చుక్కా తన బెజ్జం కిందే పడుతుంది. ఏప్రిల్ ఎండకు ఇసుక కాళ్లు కాలుస్తుంది కాబట్టి ఆగస్టే మేలు, మబ్బు లేకుంటే. డిసెంబరులో పొద్దు దక్షిణానికి వాలి, చుక్కలు కోలగా సాగి ఉత్తరపు గోడ ఎక్కుతాయి. అదీ చూడదగ్గదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు. తడికి చెక్క పొడవునా కాదు, అడ్డంగా ఉబ్బుతుంది. దాంతో సందులు పూడుకుపోయి గీతలు సగానికి సగం మాయమవుతాయి. నాలుగు రోజులు ఎండకాసిన తర్వాత వెళ్లండి. మేకుల చుట్టూ నల్లటి చారలు కనిపిస్తాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి చెక్కలోకి దిగిన మరకలవి. ఒడ్డున కట్టే దేనికైనా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. వదులైన పట్టీలకు ఆనుకోకండి.

బసకు నెల్లూరే నయం. స్టేషన్, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు చాలా ఉన్నాయి, అక్కడినుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. తెల్లవారుజామున బస్సును నమ్ముకోవద్దు. ముందురాత్రే ఆటోనో కారునో రానూపోనూ మాట్లాడుకుని, వెయిటింగ్ కూడా కలిపి బేరం కుదుర్చుకోండి. ఒడ్డున గది దొరికితే డబ్బు కట్టకముందే కుళాయి తిప్పి చూడండి, నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. కరెంటు పోతే జనరేటరు ఉందా అనీ అడగండి.

చేపల పులుసు భోజనం నెల్లూరు తిరిగొచ్చాకే పెట్టుకోండి. పన్నెండు గంటల చుక్కలు చూసి బయల్దేరితే వేళకు అందుతారు.