పాదాల క్లెయిమ్‌కు వీఏ తక్కువ ఇస్తే: మూడు దారుల్లో ఏది మేలు?

మా బావమరిది అమెరికా ఆర్మీలో ఎనిమిదేళ్లు చేసి బయటికొచ్చాడు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటాడు. వీఏ, అంటే అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, పంపిన కవరు విప్పి చూస్తే చదును పాదాలకు, రెండింటికీ కలిపి, 10 శాతం వైకల్యం రేటింగ్. "జడ్జి దగ్గరికే పోదాం బావా" అన్నాడు. కోపంలో ఉన్నవాళ్లందరికీ ముందు తోచేది అదే. నా లెక్కలో పాదాల కేసుకు చివర చూడాల్సిన దారి కూడా అదే.

2019 ఫిబ్రవరి 19 నుంచి వచ్చిన నిర్ణయాల మీద మూడు రకాలుగా పోవచ్చు. కొత్త సాక్ష్యం జతచేసి మళ్లీ అడగడం సప్లిమెంటల్ క్లెయిమ్. ఉన్న ఫైలునే పై అధికారి చేత మొదటినుంచి చూపించడం హయ్యర్ లెవెల్ రివ్యూ. మూడోది బోర్డ్ అప్పీల్, అంటే వెటరన్స్ లా జడ్జి. ఏది ఎంచుకోవాలో తేలాలంటే ముందు చూడాల్సింది ఉత్తరం ఒక్కటే కాదు, పరీక్ష చేసిన డాక్టర్ నింపిన రిపోర్టు కూడా. క్లెయిమ్ ఫైలు కాపీ అడిగితే ఇస్తారు, వీఎస్ఓ (మాజీ సైనికులకు సాయపడే సంస్థ) ప్రతినిధి ఉంటే ఆయనే తీసి చూపిస్తాడు.

ఆ రిపోర్టులో ఏం వెతకాలి? వీఏ రేటింగ్ పట్టికలో చదును పాదాల కోడ్ 5276. అందులో మోడరేట్ అయితే ఒక పాదమైనా రెండైనా 10 శాతమే. సివియర్ అయితే రెండు పాదాలకు 30. దీనికి పాదం వంకర స్పష్టంగా కనబడాలి, కదిలించినా నడిచినా నొప్పి ఎక్కువవ్వాలి, నడిస్తే వాపు రావాలి, అరికాళ్లలో ఆనెలు ఉండాలి. ప్రొనౌన్స్‌డ్ అయితే రెండింటికీ 50. అరికాలు తాకితే ఓర్చుకోలేనంత నొప్పి, ప్రత్యేక బూట్లు, ఇన్సోల్స్ వేసినా తగ్గకపోవడం వంటివి ఈ మెట్టు గుర్తులు. 2025 నాటి రేట్ల ప్రకారం, తమ మీద ఎవరూ ఆధారపడనివాళ్లకు 10 శాతానికి నెలకు 175 డాలర్లు, 30కి 537, 50కి 1,102. ఒక టిక్కు ఎక్కడ పడిందన్న దాని మీద ఇంత తేడా!

డాక్టర్ ఆనెలు ఉన్నాయని, వాపు ఉందని, వంకర ఉందని టిక్కు పెట్టి ఉండి, రేటింగ్ ఇచ్చినాయన మాత్రం 10 వేశాడనుకోండి. అప్పుడు హయ్యర్ లెవెల్ రివ్యూకి మించింది లేదు. కొత్త కాగితం ఒక్కటి కూడా పెట్టనివ్వరు, అయినా మీకు అక్కర్లేదు, కావాల్సిందంతా ఫైల్లోనే ఉంది. ఫోన్‌లో ఇన్‌ఫార్మల్ కాన్ఫరెన్స్ అడగొచ్చు. అడగండి. ఆ కాల్‌లో బాధలు చెప్పుకుంటూ కూర్చోకుండా "ఫలానా పేజీలో ఈ టిక్కు ఉంది, ఉత్తరంలో దాని మాటే లేదు" అని చెబితే చాలు. అసలు పరీక్షే అరకొరగా చేశారని రివ్యూ అధికారికి అనిపిస్తే ఫైలు వెనక్కి పంపి కొత్త పరీక్ష చేయిస్తారు. ఉన్న 10 కూడా పోతుందేమోనని చాలామందికి టెన్షన్. స్పష్టమైన, తిరుగులేని తప్పు దొరికితే తప్ప, అదే ఫైలును వేరే కళ్లతో చూశామన్న ఒక్క కారణంతో తగ్గించడానికి వీల్లేదు.

మా బావమరిది రిపోర్టు అలా లేదు. ఆనెలకు అవును, వాపుకు కాదు, ఇన్సోల్స్ వాడుతున్నాడా అన్నదానికి ఖాళీ. ఎందుకంటే పరీక్షకు కొత్త స్నీకర్లు వేసుకుని, ముందురాత్రి నొప్పి మాత్ర మింగి వెళ్లాడు. డాక్టర్ ఎలా ఉన్నావంటే అలవాటుగా "ఫైన్" అన్నాడు. ఆ మాట రిపోర్టులోకీ ఎక్కింది! ఇలాంటి ఫైలు ఎంత పెద్ద అధికారికి చూపించినా అదే కనబడుతుంది, జడ్జికైనా అంతే. ఇక్కడ పనికొచ్చేది సప్లిమెంటల్ క్లెయిమే.

దీనికి సాక్ష్యం కొత్తది కావాలి, విషయానికి సంబంధించింది కావాలి. పాదాల డాక్టర్ నింపిన ఫుట్ డీబీక్యూ (పాదాల పరిస్థితి మీద వీఏ ప్రశ్నావళి) ఫారం అన్నిటికన్నా బలం. ఆ తర్వాత భార్య రాసిచ్చే స్టేట్‌మెంట్, సాయంత్రం వాచిన పాదాల ఫొటోలు. మేం పాత బూట్లు కూడా ఫొటో తీశాం. రెండింటి మడమలూ లోపలివైపే అరిగి, బల్లమీద పెడితే ఒకదానిమీదికి ఒకటి వాలాయి. నా అనుభవంలో పాదాల కేసుల్లో ఎక్కువ శాతం చదవడంలో తప్పు కాదు, ఫైల్లో లేకపోవడమే.

రేటింగ్ కాదు, క్లెయిమే కొట్టేస్తే? అప్పుడు సైన్యంలో చేరేనాటి వైద్య పరీక్ష ఫారం, డీడీ 2808, తీయండి. అందులో పాదం వంపు గురించి నార్మల్, మైల్డ్, మోడరేట్, సివియర్ అని గడులుంటాయి. నార్మల్ అని ఉండి కూడా "ముందునుంచే ఉంది" అని తిప్పికొడితే తప్పు వాళ్లది, ఎందుకంటే ముందునుంచి ఉందనడానికి తిరుగులేని రుజువు వాళ్లే చూపాలి. దానికి రివ్యూ మేలు. మైల్డ్ అని ఉంటే పోరాటం వేరు: సర్వీసులో అది ముదిరిందని చూపాలి, డాక్టర్ అభిప్రాయం కావాలి, కాబట్టి సప్లిమెంటల్.

మడమ నొప్పి, అదే ప్లాంటార్ ఫేషియైటిస్, ఉన్నవాళ్లకు 2021 ఫిబ్రవరి 7 నుంచి సొంత కోడ్ ఉంది, 5269. మామూలుగా 10 శాతం. మందులతోనూ సర్జరీతోనూ తగ్గకపోతే రెండు పాదాలకు 30. సర్జరీ చెయ్యమని డాక్టర్ చెప్పి, శరీరం దానికి తట్టుకోదని తేలినా అదే లెక్క. ఆ ముక్క రాసిన డాక్టర్ చీటీ పడేసుకున్నవాళ్లను చూశాను.

ఇక బోర్డు. అందులో మళ్లీ మూడు వరుసలు: ఉన్న ఫైలే చూడటం, 90 రోజుల్లో సాక్ష్యం ఇవ్వడం, జడ్జి ముందు మాట్లాడటం. మొదటిదానికి వీఏ పెట్టుకున్న లక్ష్యమే 365 రోజులు, హియరింగ్‌కు 730. మిగతా రెండు దారుల్లో సగటు లక్ష్యం 125 రోజులు. గొడవ చట్టం గురించి అయితేనే ఇంత నిరీక్షణకు అర్థం ఉంటుంది. అదీ అన్ని వాదనలకూ కాదు. చదును పాదాలను 'ఇతర పాద గాయాలు' అనే 5284 కోడ్‌లో వేయించుకుందామని కొందరు చూసేవాళ్లు. 2015లో కోప్లాండ్ కేసులో వెటరన్స్ కోర్టు ఆ తలుపు మూసేసింది.

ఏ దారైనా నిర్ణయం ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు వేస్తే పాత తేదీ నుంచే బకాయి లెక్కకడతారు. ఏడాది దాటితే రివ్యూ, బోర్డు రెండూ పోతాయి, సప్లిమెంటల్ మిగులుతుంది గానీ డబ్బు కొత్త తేదీ నుంచి. రివ్యూ మీద మళ్లీ రివ్యూ లేదు, అక్కడినుంచి సప్లిమెంటల్‌కో బోర్డుకో వెళ్లాలి. వీఎస్ఓలు డబ్బు తీసుకోరు. లాయర్లు సాధారణంగా బకాయిలో 20 శాతం అంటారు. మొదటి క్లెయిమ్ రాసిపెట్టడానికే ఫీజు అడిగేవాడు కనిపిస్తే దండం పెట్టి వచ్చెయ్యండి.

మావాడు సప్లిమెంటల్ వేశాడు. మళ్లీ పరీక్షకు పిలిస్తే అరిగిన బూట్లు, ఇన్సోల్స్ సంచిలో పెట్టుకెళ్లమని, ఎలా ఉన్నావంటే గోడ సంగతి చెప్పమని మా ఆవిడ వాడికి రోజూ గుర్తుచేస్తోంది.